గమ్మునుండేవాడే బోసాన్: క్వాంటం పేపరు గట్టెక్కడానికి పన్నెండు చిట్కాలు

మదనపల్లెలో మూడేళ్ల బీఎస్సీని ఆరేళ్లపాటు, తొందర లేకుండా, నమిలి నమిలి చదివినవాణ్ని నేను. క్వాంటం మెకానిక్స్ పేపరు నాకు నాలుగుసార్లు దర్శనమిచ్చింది. కాబట్టి బోసాన్ల మీద సెమినార్ ఇచ్చి, ఆ తర్వాత పరీక్ష కూడా రాయాల్సిన తమ్ముళ్లకు ఈ చుట్టుపక్కల నాకంటే అనుభవమున్న సలహాదారు దొరకడు. కింది చిట్కాలను వరుసగా పాటించు. ఒక్కటీ వదలొద్దు. వదిలితే పొరపాటున పాసయ్యే ప్రమాదముంది.

1. ముందు నువ్వు ఏ జాతివాడివో తేల్చుకో.

లోకంలో కణాలు రెండు రకాలు. స్పిన్ అర, ఒకటిన్నర అంటూ సగాల్లో ఉంటే ఫెర్మియాన్. సున్నా, ఒకటి, రెండు అంటూ పూర్ణాంకాల్లో ఉంటే బోసాన్. ఎలక్ట్రాన్, ప్రోటాన్, న్యూట్రాన్ మొదటి రకం. కాంతి కణమైన ఫోటాన్ రెండో రకం. ఇది అర్థం కావడానికి పుస్తకం తెరవకు, బస్టాండుకు పో. పుంగనూరు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టేవాడు ఫెర్మియాన్. ఒక స్థితిలో ఒకడే ఉండాలన్నది వాళ్ల నియమం. 1925లో పౌలీ చెప్పాడు. అణువులో ఒకే అరలో ఇద్దరు ఎలక్ట్రాన్లు సర్దుకోవాలంటే ఒకడు తల పైకి, ఇంకొకడు తల కిందికి పెట్టుకోవాల్సిందే. కింది అరలు నిండితే మిగతావాళ్లు పై అంతస్తుకు ఎక్కాలి. మూలకాల పట్టిక అంతా ఈ కష్టజీవులు కట్టిందే.

ఇక షేర్ ఆటో చూడు. పదిమంది ఎక్కాక కూడా డ్రైవరు "రాన్నా, ఇంకొకరికి చోటుండాది" అంటాడు. అది బోసాన్ల బండి. ఎంతమందైనా ఒకే స్థితిలో కూర్చోవచ్చు. పైగా జనం ఎక్కువున్న చోటికే ఇంకొకడు రావడానికి అవకాశం ఎక్కువ. పట్టికలు కట్టే పని మనకెందుకు? ఆటో ఎక్కు.

2. బోసు లెక్కను టమాటాల మీద నేర్చుకో, ఇంట్లో వాడు.

రెండు టమాటాలు, రెండు క్రేట్లు తీసుకో. మామూలు లెక్కలో నాలుగు రకాలుగా సర్దవచ్చు. అందులో రెండు కాయలూ ఒకే క్రేటులో పడేవి రెండు, అంటే సగం. బోసు ఏమన్నాడంటే, కాయల మధ్య తేడా కనిపెట్టడం ఎవరి తరమూ కానప్పుడు "ఇది ఇక్కడ, అది అక్కడ" అన్నా, "అది ఇక్కడ, ఇది అక్కడ" అన్నా ఒకటే సర్దుబాటు. అప్పుడు మిగిలేవి మూడే రకాలు. వాటిలో రెండింట్లో కాయలు ఒకే చోట ఉన్నాయి. సగం కాస్తా మూడింట రెండు వంతులైంది. ఫెర్మియాన్ కాయలైతే ఒకే క్రేటులో పడనే పడవు. కాంతి కణాలు గుంపు కట్టే గుణమంతా ఈ చిన్న లెక్కలోనే ఉంది.

టమాటాకు మచ్చ ఉంటుంది, తొడిమ ఉంటుంది, ఫోటాన్‌కు ఏ గుర్తూ ఉండదు అని కొందరు అడ్డు తగులుతారు. పట్టించుకోకు. నేను మండీలో మా కాయలూ పక్క రైతు కాయలూ వేరు చేయరానివని గంటసేపు వాదించాను. ఆయన వెంటనే ఒప్పుకుని మా ముప్పై క్రేట్లు తనవేనని వేలానికి పెట్టించుకున్నాడు. మా నాయనకు ఆ రోజుతో ఫిజిక్స్ మీద నమ్మకం పోయింది. నాకు మాత్రం గట్టిపడింది.

3. నీ పని పెద్దవాళ్ల చేత చేయించు.

1924 జూన్ 4న ఢాకా విశ్వవిద్యాలయం నుంచి సత్యేంద్రనాథ్ బోసు అనే ముప్పై ఏళ్ల రీడరు ఐన్‌స్టీన్‌కు ఉత్తరం రాశాడు. దానితో పాటు ప్లాంక్ సూత్రాన్ని కొత్త లెక్కతో రాబట్టిన చిన్న వ్యాసం పంపి, బాగుందనిపిస్తే అచ్చు వేయించమని అడిగాడు. ఐన్‌స్టీన్ దాన్ని తానే జర్మన్‌లోకి అనువదించి, మెచ్చుకోలు జోడించి అచ్చు వేయించాడు. అదే లెక్కను అణువులకు కూడా వర్తింపజేశాడు. తర్వాత డిరాక్ ఈ జాతి కణాలకు బోసు పేరే పెట్టాడు. బోసుకు డాక్టరేటు లేదు. నోబెల్ కూడా రాలేదు.

ఈ కథలో నీకు పనికొచ్చే ముక్క ఒక్కటే: ఉత్తరం రాస్తే చాలు, మిగతాది అవతలివాడు చూసుకుంటాడు. నేను మా లెక్చరర్‌కు సరిగ్గా అలాగే చేశాను. ఎంతో వినయంగా, మర్యాదగా కవరింగ్ లెటర్ రాసి పంపాను. దానితో పాటు వ్యాసం కూడా ఉండాలన్న సంగతి తర్వాత తెలిసింది.

4. బోసాన్‌ను మదనపల్లెకు కట్టెయ్.

సెమినార్‌లో మొదటి పది నిమిషాలు ఊరి గొప్ప చెప్పు. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ ఇక్కడి బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చాడు. జనగణమనను ఇక్కడే ఇంగ్లీషులోకి మార్చాడు. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం కట్టింది. ఇదే టాగూర్ 1937లో పిల్లలకూ పెద్దలకూ సైన్సు చెప్పే విశ్వపరిచయ్ అనే పుస్తకం బెంగాలీలో రాసి సత్యేంద్రనాథ్ బోసుకు అంకితమిచ్చాడు. ఇంతవరకు ప్రతి ముక్కా నిజం. ఇక్కడ ఆగితే నీకు నాలుగు మార్కులు వస్తాయి. ఆగకు. "కాబట్టి బోసాన్ పుట్టింది మదనపల్లెలోనే" అని ముగించు. చప్పట్లు పడతాయి. పడకపోతే నువ్వే మొదలుపెట్టు. బోసాన్లు ఒకటి మొదలుపెడితే మిగతావి చేరతాయి.

5. మనవాడు ఒకడున్నాడని చెప్పి, ఏం చేశాడో చెప్పకుండా దాటెయ్.

ఫోటాన్ స్పిన్ ఒకటి అని ప్రయోగంతో చూపినవాళ్లలో తెలుగువాడున్నాడు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం. కలకత్తాలో సి.వి.రామన్ దగ్గర చేరి, వాయువుల్లో చెదిరిన కాంతిని కొలిచి, 1931లో గురువుతో కలిసి ఆ ఫలితం ప్రకటించాడు. తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పాఠాలు చెప్పాడు, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యాడు. కాంతి బోసానే అని తేలాలంటే ఆ "ఒకటి" తేలాలి కదా.

నువ్వు ఇదంతా చదవకు. "మనోడే సార్" అని ఛాతీ విరుచుకుని నిలబడు. ఎలా కొలిచాడని అడిగితే "చాలా జాగ్రత్తగా" అను.

6. హిగ్స్ దగ్గర కొబ్బరికాయ కొట్టు.

2012 జూలై 4న జెనీవా దగ్గరి సెర్న్‌లో హిగ్స్ బోసాన్ కనబడిందని ప్రకటించారు. దాని స్పిన్ సున్నా. బరువు దాదాపు 125 జీఈవీ, అంటే ప్రోటాన్‌కు నూట ముప్పై రెట్లకు పైమాట. మరుసటి ఏడాది హిగ్స్‌కూ ఆంగ్లేర్‌కూ నోబెల్ వచ్చింది. దాని వెనక ఉన్న క్షేత్రం లోకమంతా నిండి ఉంటుంది. దాన్ని పట్టించుకునే కణానికి బరువు వస్తుంది, పట్టించుకోనిదానికి రాదు. పుంగనూరు ఆవును సంతకు తోలుకుపోయి చూడు. మూడడుగుల ఆవు. దాన్ని చూడగానే జనమంతా మూగి ఫోన్లు తీస్తారు. అడుగు తీసి అడుగు వేయలేదు. అదే దారిలో వీధికుక్క ఒకటి ఎవరికీ పట్టకుండా దూసుకుపోతుంది. ఆవు బరువైన డబ్ల్యూ బోసాన్, కుక్క బరువులేని ఫోటాన్, జనం హిగ్స్ క్షేత్రం.

ఈ పోలిక నువ్వు చెప్పకు, అర్థమైందనుకుంటారు. "దైవకణం" అని ఒక్క మాట అని పైకి చూడు. లోకంలోని బరువంతా ఆయన దయేనని చెప్పు. నీలోని ప్రోటాన్లు, న్యూట్రాన్ల బరువులో హిగ్స్ వాటా నూటికి ఒకటి దరిదాపుల్లోనే ఉంటుంది. మిగతాదంతా లోపలి క్వార్కుల కదలిక, వాటిని పట్టి ఉంచే గ్లుయాన్ల శక్తి పుణ్యం. ఈ సంగతి తెలిసిన మనిషి హాల్లో ఒక్కరే ఉంటారు. దురదృష్టవశాత్తు మార్కులు వేసేది ఆ ఒక్కరే.

7. ప్రశ్నలు వస్తే తత్వంలోకి దూకు.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఈ ఊళ్లోనే పుట్టాడు. పక్కనే రిషివ్యాలీ బడి ఉంది. ఆయనతో ఏళ్లతరబడి కూర్చుని మాట్లాడిన డేవిడ్ బోమ్ మామూలు భక్తుడు కాదు. 1951లో క్వాంటం సిద్ధాంతం మీద పాఠ్యపుస్తకం రాసిన భౌతిక శాస్త్రవేత్త. వాళ్లిద్దరి సంభాషణలు పుస్తకాలుగా వచ్చాయి. బోమ్ ముందు లెక్క చేశాడు, తర్వాత మౌనం గురించి మాట్లాడాడు. నువ్వు మొదటిది వదిలేసి నేరుగా రెండోదానికి రా. "డబ్ల్యూ, జెడ్ బోసాన్లను ఏ సంవత్సరంలో కనిపెట్టారు?" అని సార్ అడిగితే (1983, సెర్న్) కళ్లు మూసుకుని, "అడిగేదెవరు సార్?" అను. ఆయన "నేనేరా" అని గట్టిగా అంటాడు. అప్పటికి గంట కొడతారు.

8. కంబైన్డ్ స్టడీ చెయ్.

ఇద్దరు ఫెర్మియాన్లు జతకడితే బయటికి బోసాన్‌లా ప్రవర్తిస్తారు. అర, అర కలిస్తే పూర్ణాంకమే కదా. బాగా చల్లారిన కొన్ని లోహాల్లో ఎలక్ట్రాన్లు ఇలాగే జంటలు కట్టి, అడ్డంకి లేకుండా జారిపోతాయి. అతివాహకత్వానికి 1957లో చెప్పిన వివరణ ఇదే. హీలియం-4 అణువులో రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు, రెండు ఎలక్ట్రాన్లు, మొత్తం ఆరు ఫెర్మియాన్లు. సరి సంఖ్య కాబట్టి అణువు బోసాన్. దాని ద్రవాన్ని 2.17 కెల్విన్ల కంటే కిందికి చల్లబరిస్తే పాత్ర గోడ ఎక్కి అవతలికి దిగిపోతుంది.

కాబట్టి హాస్టల్లో కష్టపడి చదివే ఇద్దరిని ఎంచుకో. రాత్రి ఎనిమిదికి ఒకే గదిలో కూర్చోబెట్టు. ఎనిమిదింబావుకు ఇద్దరూ ఒక సోమరిగా మారతారు. తొమ్మిదికి గోడెక్కి సెకండ్ షోకు దిగిపోతారు. వార్డెన్ పట్టుకుంటే హీలియం పేరు చెప్పు. ఆయన దాన్ని మీ స్నేహితుడనుకుని హాజరు పట్టీలో వెతుకుతాడు. నీకు పారిపోయే సమయం దొరుకుతుంది.

9. చల్లబడే దాకా వాయిదా వెయ్.

అణువులను బాగా చల్లబరిస్తే అన్నీ అట్టడుగు స్థితిలోకి దిగి ఒకే ముద్దలా ప్రవర్తిస్తాయని 1924, 25ల్లో ఐన్‌స్టీన్ రాశాడు. అది నిజంగా జరిగింది 1995 జూన్ 5న. అమెరికాలోని బోల్డర్‌లో కార్నెల్, వీమన్‌లు దాదాపు రెండు వేల రుబీడియం అణువులను కెల్విన్‌లో కోటి వంతుల్లోకి, 170 నానోకెల్విన్లకు దించాక. 2001లో వాళ్లకూ, సోడియంతో అదే పని చేసిన కెటర్లేకూ నోబెల్ ఇచ్చారు. ఐన్‌స్టీన్ మాటకే డెబ్బై ఏళ్లు పట్టింది. నీ అసైన్‌మెంటుకు రెండు వారాల గడువు అన్యాయం. అలాగని చెప్పు.

ఆ డెబ్బై ఏళ్ల చివర్లో లేజర్లతో అణువుల వేగాన్ని తగ్గించడం నేర్చుకున్నారని ఎవరైనా అంటే వినకు. నువ్వు హార్స్లీ హిల్స్‌కు పో. చలిలో కదలకుండా పడుకో. మనవైపు పెద్దవాళ్లు "గమ్మునుండు" అనేది ఊరికే కాదు. అట్టడుగు స్థితి అంటే అదే. మూడు రోజులు నేను అలా గమ్మునున్నాను. ఇంటర్నల్స్ అయిపోయాయి.

10. రికార్డు రాయకు, సాకు రాయి.

బలాలన్నీ బోసాన్ల ఇచ్చిపుచ్చుకోళ్లే. విద్యుదయస్కాంత బలానికి ఫోటాన్, కేంద్రకంలోని గట్టి బలానికి ఎనిమిది రకాల గ్లుయాన్లు, బలహీన బలానికి డబ్ల్యూ, జెడ్. గురుత్వానికి గ్రావిటాన్ అనే స్పిన్ రెండు బోసాన్ ఉండాలని సిద్ధాంతం, ఇంతవరకు ఎవరి కంటా పడలేదు. నీకు కావలసిన సాకులన్నీ ఇందులోనే ఉన్నాయి:

"రికార్డేదిరా?" అంటే, "గ్రావిటాన్ లాంటిది సార్. ఉండి తీరాలి, చూసినవాళ్లు లేరు."

"ఇంత నిదానమేమిరా?" అంటే, "సూర్యుడూ నిదానమే సార్." ఇది కూడా నిజమే. సూర్యుడిలో హైడ్రోజన్ హీలియంగా మారే మొదటి మెట్టు డబ్ల్యూ బోసాన్ మీదుగా జరగాలి. దాని బరువు ప్రోటాన్‌కు ఎనభై రెట్లకు పైగా ఉండటంతో పని కుంటుతుంది. అందుకే ఇంధనం ఒక్కసారిగా కాలిపోకుండా దాదాపు 460 కోట్ల ఏళ్లుగా వెలుగుతోంది. సూర్యుడు కుంటుతూనైనా రోజూ పని చేస్తున్నాడని సార్ గుర్తు చేస్తే, రేపటి నుంచి అని మొక్కుకో.

11. ఎదురుచూడటాన్ని పరిశోధన అని పిలువు.

కుప్పం దాటి సరిహద్దు అవతల కోలారు బంగారు గనులున్నాయి. ఒకప్పుడు మనవైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి కూలికి పోయాయి. ఆ గనుల్లో, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు విదేశీ బృందాలతో కలిసి 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు. 1980ల్లో టన్నులకొద్దీ ఇనుము పేర్చి ప్రోటాన్ ఎప్పుడు చస్తుందా అని కాపలా కాశారు. ఎక్స్ అనే మహా బరువైన బోసాన్ ఉంటే ప్రోటాన్ ఎప్పటికో ఒకనాటికి విరగాలని అప్పటి సిద్ధాంతం. కొన్ని గుర్తులు కనబడ్డాయన్నారు. వేరే దేశాల్లో పెద్ద పరికరాలు పెట్టి చూస్తే అవి నిలవలేదు. 2001లో గనులే మూతపడ్డాయి.

వాళ్లు ఏళ్లతరబడి పాతాళంలో కాసింది కాపలా అయితే, నువ్వు బల్ల మీద తలపెట్టి కాసేదీ కాపలానే. తేడా ఒక్కటే, వాళ్లు మేలుకుని కాశారు. అది చిన్న విషయం.

12. పరీక్షలో లేజర్‌లా రాయి.

ఇది నా చివరి, అతి గొప్ప చిట్కా. శక్తి నింపుకుని ఎదురుచూస్తున్న అణువు పక్క నుంచి దానికి సరిపోయే ఫోటాన్ ఒకటి పోతే, ఆ అణువు అచ్చం అలాంటి ఫోటాన్‌నే వదులుతుంది. అదే దిక్కు, అదే రంగు, అదే అడుగు. 1917లో ఐన్‌స్టీన్ ఈ సంగతి చెప్పాడు, 1960లో మైమన్ దాన్ని లేజర్‌గా వెలిగించాడు. తిరుపతి దగ్గరి గాదంకి పరిశోధనశాలలో లేజర్ పుంజాన్ని ఆకాశంలోకి వదిలి గాలి పొరలను చదువుతారు. ఒకే అడుగులో నడిచే బోసాన్లకు అంత దూరం పోగల సత్తా ఉంటుంది.

మా హాల్లో కూడా ఒక చిట్టీ మొదటి బెంచీ నుంచి బయలుదేరింది. ఇరవై రెండు మంది దాన్ని తాకారు. ఇరవై రెండు పేపర్లు ఒకే దిక్కున, ఒకే అడుగున నడిచాయి. అన్నింట్లోనూ "పై పటంలో చూపినట్లు" అనే వాక్యం ఉంది. పటం ఒక్కదాంట్లోనూ లేదు. దిద్దినాయన ఇరవై రెండు పేపర్లనూ విడివిడిగా దిద్దే శ్రమ పడలేదు. వేరు చేయరానివి కాబట్టి ఒక కట్టగా కట్టి, ఒకే మార్కు వేశాడు. ఆ మార్కు పూర్ణాంకమే. స్పిన్ పరంగా చూస్తే మేం హిగ్స్‌తో సమానం.

ఇవన్నీ పాటిస్తే ఫలితం ఖాయం. ఫలితాలు వచ్చిన రోజు తువ్వాలు వేసి సీటు పట్టిన ఫెర్మియాన్లు ఒక్కొక్కడూ ఒక్కో మెట్టు ఎక్కి పోతారు. ఒకడు బెంగళూరుకు, ఒకడు హైదరాబాదుకు, ఒకడు మనకు పాఠం చెప్పడానికి మన కాలేజీకే. వాళ్ల ఖర్మ. నువ్వు మండీ ఎదురుగా ఉన్న టీ కొట్టుకు రా. అక్కడొక పాత బెంచీ ఉంది. దానికంటే కిందికి దిగే స్థితి ఈ ఊళ్లో లేదు. ఇప్పటికే ఇరవై రెండు మందిమి కూర్చుని ఉన్నాం. రా తమ్ముడూ, ఇంకొకరికి చోటుండాది.